జాకీ కింద చెక్క

మనలో ఒక మాట ఉంది. పనికిరాని నాయకుణ్ణో, ఆడని సినిమా హీరోనో పైకి తేవాలని నలుగురు నానా తంటాలూ పడుతుంటే, "ఎన్ని జాకీలు పెట్టి లేపినా లేవడండీ" అంటాం. అంత గొప్ప సామెతకు ఎక్కిన వస్తువే గానీ, అసలు జాకీ ఎక్కడుందో బండి ఉన్నవాళ్ళని అడిగి చూడండి. పదిమందిలో తొమ్మిదిమంది తల గోక్కుంటారు. టైరు కూర్చున్న రోజున తప్ప జాకీతో ఎవరికీ పరిచయం ఉండదు.

ఇంతకీ ఈ గొడవ ఎందుకు వచ్చిందంటే, మొన్న మా మేనల్లుడు డోర్నకల్ వచ్చాడు. హైదరాబాదులో ఉద్యోగం. నాలుగు చక్రాలూ లాగే ఒక చిన్న ట్రక్కు కొని, వెనక డబ్బాలో మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు, మీద గుడారం అన్నీ అమర్చుకున్నాడు. ఇక హోటళ్ళతో పనిలేదట. అడవిలో ఎక్కడ పొద్దు గుంకితే అక్కడే పడక. వీధి వీధంతా వచ్చి చూసి వెళ్ళింది.

నేనూ చుట్టూ తిరిగి చూశాను. "అంతా బాగానే ఉందిరా. జాకీ ఏది?" అన్నాను.

"కంపెనీవాళ్ళు ఇచ్చింది సీటు కింద ఎక్కడో ఉంది మామా" అన్నాడు. "దాని సంగతికేంగానీ, ముందు బంపరుకి ఎర్రగా నిలువెత్తు జాకీ ఒకటి బిగిద్దామనుకుంటున్నా. ఫొటోల్లో ఎంత బాగుంటుందో!"

ఫొటోల కోసం జాకీ కొనే కాలం వచ్చిందన్నమాట. కూర్చోబెట్టి వాడికి చెప్పిన కథే మీకూ చెబుతాను.

మా ఊరికి రైలు రాకముందు బరువు మోసేది ఎడ్లబండి. బండికి కందెన వేయాలంటే చక్రం ఊడదీయాలి. చక్రం ఊడదీయాలంటే ఇరుసు లేపాలి. అప్పుడు జాకీలు ఎక్కడివి? పొడుగాటి దుంగ ఒకటి రాయి మీద ఆనించి, ఇద్దరు ఒక కొస మీద బరువు వేసి తొక్కితే రెండో కొస ఇరుసును లేపేది. మూడోవాడు గబుక్కున కింద ఊతకర్ర దూర్చేవాడు. దుంగ లేపడానికి, ఊతకర్ర మోయడానికి. ఈ రెండూ వేరువేరు పనులని చదువురాని బండివాడికి కూడా తెలుసు. ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన వెదురు బొంగులో పోసి బండికే వేలాడదీసేవాళ్ళు. ధాన్యం బస్తాల కింద దాచిపెట్టే తెలివితక్కువవాళ్ళు కారు మన పెద్దలు!

1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనుక్కున్నాడు. ఆ తర్వాత నిజాం రైల్వే ఈ దారి పట్టింది. 1880ల చివరికల్లా డోర్నకల్ దగ్గర ఒక దారి ఇల్లెందు బొగ్గుకి, ఒక దారి బెజవాడకి చీలిపోయింది. చిన్న పల్లె జంక్షన్ అయింది. రైలుతో పాటే మావాళ్ళకి ఇనప జాకీ పరిచయమయింది. పట్టాల కింద నేల కుంగితే గ్యాంగువాళ్ళు జాకీతో పట్టా లేపి కంకర కూరేవాళ్ళు. పెట్టె పట్టా తప్పితే జాకీలతోనే ఎత్తి మళ్ళీ ఎక్కించేవాళ్ళు.

అలాగని బండి పోలేదు. మా ఊరి బిషప్ అజరయ్యగారి సంగతే చూడండి. తిరునల్వేలి జిల్లాలో 1874లో పుట్టి, 1909లో డోర్నకల్ చేరి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయిన పెద్దమనిషి. గుడి, మసీదు, చర్చి మూడు శిల్పాలూ కలిసినట్టుండే ఇక్కడి ఎపిఫనీ కెథెడ్రల్ ఆయన కట్టించిందే. 1939లో ప్రతిష్ఠ జరిగింది. అంతటివాడూ పల్లెలు తిరిగింది ఎడ్లబండి మీదే. ఊరి బయట దిగడం, వండుకోవడం, పడుకోవడం, తెల్లారి మళ్ళీ బండి కట్టడం. మా మేనల్లుడు లక్షలు పోసి అమర్చుకున్న సౌఖ్యం ఇదే కదా! పేరు మాత్రం మారింది.

తర్వాత మోటార్లు వచ్చాయి. 1932లో నిజాం రైల్వేవారే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. బస్సు వెంట లారీ, లారీ వెంట క్లీనరు, క్లీనరు చేతిలో జాకీ.

అసలు ఆ పేరేమిటంటారా? ఇంగ్లీషువాళ్ళకి జాక్ అంటే మనకి ఎల్లయ్య, మల్లయ్య లాంటిది. పనివాణ్ణి ఎవడినైనా జాక్ అని పిలిచేవాళ్ళు. మనిషి పని చేసిపెట్టే వస్తువుకీ అదే పేరు పెట్టారు. కాలి బూటు లాగే చెక్క కూడా జాకే. మన దగ్గరికొచ్చేసరికి దానికి ఒక దీర్ఘం తగిలించి గుర్రప్పందేల రౌతుతో కలిపేశాం.

జాకీ వంశవృక్షంలో రెండు శాఖలున్నాయి. పెద్దది మర జాకీ. పదమూడో శతాబ్దపు ఫ్రాన్సులో విలార్ ద ఒనెకూర్ అనే ఆయన తన బొమ్మల పుస్తకంలో మరతో బరువు లేపే సాధనం ఒకటి గీసిపెట్టాడు. సూత్రం చిన్నదే. పిడి ఒక చుట్టంతా తిరిగితే మర ఒక గాడి మేర లేస్తుంది. చెయ్యి చాలాదూరం పోతుంది, బరువు కాస్తే లేస్తుంది, అందుకే ఒక మనిషి చాలు. రెండోది నూనె జాకీ. పదిహేడో శతాబ్దంలో పాస్కల్ చెప్పిన ద్రవాల ఒత్తిడి సూత్రాన్ని పట్టుకొని 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకి పేటెంటు తీసుకున్నాడు. 1851లో న్యూయార్కులో రిచర్డ్ డడ్జన్ దాన్ని చేత్తో మోసుకుపోయే జాకీగా మార్చాడు. అందులో సన్న గొట్టం ఒకటి, లావు గొట్టం ఒకటి. లావు గొట్టం అడ్డకొలత సన్నదానికి నాలుగింతలుంటే, బలం పదహారింతలవుతుంది. ఆపైన పిడి పొడుగు చేసే సాయం వేరే. లారీల్లో సీసా ఆకారంలో కనిపించేది ఇదే.

మేనల్లుడు మోజుపడ్డ నిలువెత్తు జాకీది ఇంకో కథ. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో 1905 నుంచి చేస్తున్నామని దాన్ని తయారుచేసేవాళ్ళు చెప్పుకుంటారు. పొలాల్లో పనికోసం పుట్టింది. కమ్మీకి వరసగా బెజ్జాలు, వాటిలో మేకులు ఒకదాని వెంట ఒకటి పడుతూ బరువును పైకి ఎక్కిస్తాయి. బురదలో దిగబడ్డ బండిని చాలా ఎత్తు లేపగలదు. నిజమే. కానీ పిడి చెయ్యి జారితే ఎగిరి దవడ పగలగొడుతుంది. ఎక్కడపడితే అక్కడ ఆనదు, దానికి గట్టి బంపరు కావాలి. బయట బిగిస్తే దుమ్మూ వానా చేరి, సరిగ్గా అవసరమైనరోజునే మేకులు కదలవు.

ఇదంతా పుస్తకజ్ఞానం. నాకు జాకీ విలువ తెలిసింది మాత్రం 1986లో, మేడారం జాతర దారిలో.

రెండేళ్ళకొకసారి సమ్మక్క సారలమ్మలు గద్దెకు వచ్చే ఆ నాలుగు రోజులకీ మా వీధివాళ్ళం కలిసి లారీ మాట్లాడుకున్నాం. వెనక గడ్డి పరిచి, మీద టార్పాలిను కట్టి, బియ్యం, వంటచెరుకు, గిన్నెలు, కోళ్ళు, అమ్మవారి బంగారమని నిలువెత్తు తూచిన బెల్లం, వీటి మీద ముప్ఫైమందిమి. అదే మా ఇల్లు. మహబూబాబాద్, నర్సంపేట, ములుగు దాటి పస్రా దగ్గర అడవిలో తిరిగాం. జంపన్నవాగు ఇంక కాస్త దూరంలో ఉందనగా రాత్రివేళ వెనక టైరు పేలింది. లారీ పక్కకి ఒరిగి ఇసుకలో కూర్చుంది.

"జాకి తియ్రా" అన్నాడు డ్రైవరు. క్లీనరు పిల్లాడు నిలబడిపోయాడు. జాకీ అడుగున ఉంది. దాని మీద గడ్డి, గడ్డి మీద బియ్యం, బియ్యం మీద మా సంసారాలు! పసిపిల్లలతో సహా అందర్నీ దింపి, సామానంతా చీకట్లో రోడ్డు పక్క పోసి, గంటసేపు వెతికితే జాకీ దొరికింది. ఎన్నాళ్ళ నుంచి పడుకొని ఉందో, నూనె కారిపోయి గడ్డి తడిసింది. ఎంత కొట్టినా లేవదు.

వెనక వచ్చే లారీని ఆపి మర జాకీ అడిగి తెచ్చారు. పిల్లాడు ఇసుకలోనే నిలబెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. లారీ లేస్తున్నట్టే ఉంది. నిజానికి సగం లారీ లేస్తోంది, సగం జాకీ దిగుతోంది. చక్రం ఊడింది. నట్టు ఒకటి ఇరుసు కిందకి దొర్లింది. పిల్లాడు దాని కోసం పొట్టమీద పాకుతూ లోపలికి దూరాడు.

మా వెనకే ఎడ్లబండి దిగి వచ్చిన ముసలాయన ఒకరు అప్పటిదాకా కర్ర ఊతతో చూస్తున్నారు. ఏమనుకున్నారో, వంగి వాడి రెండు కాళ్ళూ పట్టి ఒక్క గుంజు గుంజారు. వాడు ఇవతలపడ్డాడు. జాకీ అటు పడింది. లారీ నేలని కొట్టిన చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఆడవాళ్ళ కేకలు ఆగాక చూస్తే వాడికి మోచేయి గీరుకుపోయిందంతే. వయసు పద్నాలుగు ఉంటుందేమో. ఏడవను కూడా ఏడవలేదు, వణుకుతూ కూర్చున్నాడు.

ముసలాయన ఎవర్నీ తిట్టలేదు. తన బండి అడుగు పలక ఊడదీసి తెచ్చారు. "ఇసుకను నమ్మద్దు బిడ్డా. ముందుగాల చక్రాలకు రాళ్ళు పెట్టు. జాకి కింద పలకెయ్యి. లేసినంక ఇరుసు కింద మొద్దు పెట్టు. అది లేపెటందుకే గాని మోసెటందుకు కాదు" అన్నారు.

ఈసారి అలాగే చేశారు. టైరు మారేసరికి తెల్లారింది. పలక తిరిగి ఇవ్వబోతే చీలిపోయి ఉంది. మేం డబ్బులివ్వబోతే, "తల్లి దగ్గరికి పోతున్నం. పైసలెందుకు?" అని చీలిన పలకనే బండిలో వేసుకొని ఆయన కదిలారు. ఆయన ఊరు కూడా అడగలేదు మేము.

మేనల్లుడు ఇంత విని, చాలాసేపు ఊరుకున్నాడు. "అయితే ఏది కొనమంటావు మామా?" అన్నాడు చివరికి.

ఇద్దరం టేపు పట్టుకొని బండి కింద కూర్చున్నాం. పెద్ద టైర్లు వేసి, స్ప్రింగులు ఎత్తించాడు కదా, కంపెనీ జాకీ పూర్తిగా విప్పినా చక్రం నేల విడవడం లేదు! ఆ సంగతి ఇంటి ముందు తెలిసింది కాబట్టి సరిపోయింది. జాకీ కొనేముందు రెండు కొలతలు చూడాలి. టైరులో గాలి పూర్తిగా పోయినప్పుడు ఇరుసు కింద ఎంత సందు ఉంటుందో ఆ సందులో జాకీ దూరాలి. గాలి నిండిన కొత్త చక్రం ఎక్కించేటంత ఎత్తు లేవాలి. రెండూ ఒకే జాకీలో కుదరకపోతే కింద చెక్క ఉండనే ఉంది. ఇక బలం. సామానుతో బండి మూడు టన్నులు తూగితే ఒక మూల లేపేది టన్నుకి అటూ ఇటూ. అయినా వాలులో, గుంటలో లెక్కలు మారతాయి. నాలుగైదు టన్నుల సీసా జాకీ ఉంటే నిబ్బరం.

దాచడం ఇంకో శాస్త్రం. సీసా జాకీని నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే నూనె కారి గాలి చేరుతుంది. లోపలి కడ్డీ పూర్తిగా దించాలి, బయట మిగిలిన మేర తుప్పు పట్టి సీలును కోసేస్తుంది. దాని నూనె దానికే పోయాలి, బ్రేకు నూనె పోస్తే రబ్బరు పాడవుతుంది. బెల్టుతో గట్టిగా కట్టాలి, గుంటలో బండి ఎగిరితే అయిదు కిలోల ఇనుము మనుషుల మీదకి రాకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మంచం దించకుండా, పొయ్యి కదపకుండా, వానలో, చీకట్లో, తలుపు తీయగానే చెయ్యి తగిలేచోట ఉండాలి. కందెన బొంగులాగా!

వాడు సీసా జాకీయే కొన్నాడు. తలుపు పక్కనే నిలబెట్టి కట్టాడు. ఎర్ర జాకీ మోజు తీరిందో లేదో నేను అడగలేదు. బయలుదేరేముందు మాత్రం, "కిందకి పలక కావాలి మామా, పాతది ఏమైనా ఉందా?" అన్నాడు.

పాత ద్వారబంధం టేకుముక్క ఒకటి పెరట్లో ఉంటే జానెడున్నర మేర కోయించి ఇచ్చాను. దాన్ని జాకీ పక్కనే పెట్టి పట్టీ బిగించాడు. ఆ తెల్లవారుజామున ఇవ్వలేకపోయిన పలక బాకీ కొంతైనా తీరినట్టనిపించింది నాకు.