యూసీసీ ఫైలింగ్: తిరిగొచ్చిన ఫారం మేలు, చెల్లని ఫారమే ముప్పు

నేపర్‌విల్‌లో మనవాళ్లు బిర్యానీ హోటలో, కిరాణా కొట్టో, ఐటీ కన్సల్టెన్సీయో పెట్టారంటే అందులో బ్యాంకు డబ్బుతో పాటు స్నేహితుల డబ్బు కూడా ఉండటం మామూలే. ఇచ్చేటప్పుడు ఒక ప్రామిసరీ నోటు రాయించుకుని సరిపెట్టుకుంటాం. ఊళ్లో అయితే తగువు తీర్చడానికి పెద్దమనుషులు ఉంటారు. ఇక్కడ వ్యాపారం మునిగితే తీర్పు చెప్పేది దివాలా కోర్టు. ఆ కోర్టు స్నేహాన్ని చూడదు, రికార్డును చూస్తుంది.

కొన్నేళ్ల క్రితం రూట్ 59 వైపు రెస్టారెంట్ పెడుతున్న ఒక స్నేహితుడికి నేను 40 వేల డాలర్లు ఇచ్చాను. వంటగది సామాను తాకట్టు. యూసీసీ-1 ఫారం నేనే నింపి పంపాను. అది తిరిగొచ్చింది. కారణం చిన్నదే, బాకీదారు మెయిలింగ్ అడ్రస్ రాయలేదు. చిరాకుపడుతూనే అడ్రస్ కోసం స్టేట్ వెబ్‌సైట్‌లో ఆ కంపెనీని వెతికాను. అప్పుడు అసలు తప్పు కనిపించింది. నేను రాసింది బోర్డు మీది పేరు. రిజిస్టరైన ఎల్‌ఎల్‌సీ పేరు వేరు. అడ్రస్ మర్చిపోకుండా ఉంటే ఆ ఫారం నమోదైపోయేది, నేను నిశ్చింతగా నిద్రపోయేవాణ్ణి, నా తాకట్టు మాత్రం నిలిచేది కాదు.

తిరస్కరణ వస్తే సరిదిద్దుకోవచ్చు. నమోదైన ఫారంలో ఉండిపోయిన తప్పును మాత్రం ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. అందుకే రెండు రకాల తప్పుల గురించీ తెలుసుకోవాలి. నేను లాయర్‌ను కాను. పెద్ద మొత్తమైతే ఇల్లినాయ్ లాయర్ చేత ఒకసారి చూపించుకోండి.

ఫారం ఒక్కటే చాలదు

యూసీసీ-1 అనేది ఫలానా ఆస్తి మీద నాకు హక్కు ఉందని లోకానికి చేసే ప్రకటన. హక్కును పుట్టించేది అది కాదు. దానికి సెక్యూరిటీ అగ్రిమెంట్ కావాలి. అందులో తాకట్టు వివరాలు ఉండాలి, బాకీదారు సంతకం ఉండాలి. ఉత్త ప్రోనోటు చేతిలో పెట్టుకుని యూసీసీ-1 దాఖలు చేస్తే ప్రయోజనం లేదు.

మామూలుగా ఒకే ఆస్తి మీద ఇద్దరికి హక్కు ఉంటే ముందు నమోదు చేసుకున్నవారిదే ముందు వరుస. బాకీదారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే, డబ్బు ఇవ్వకముందే ఫైల్ చేయవచ్చు. సరైన కారణంతో తిరస్కరించిన ఫారానికి వరుసలో చోటు దక్కదు. మళ్లీ పంపి నమోదైన రోజు నుంచే లెక్క. మధ్యలో బ్యాంకు ఫైల్ చేస్తే మీరు దాని వెనక్కి వెళతారు.

ఎక్కడ ఫైల్ చేయాలి?

వ్యాపారం ఎక్కడ నడుస్తోందన్నది లెక్క కాదు. బాకీదారు ఎల్‌ఎల్‌సీ లేదా కార్పొరేషన్ అయితే అది ఏ రాష్ట్రంలో రిజిస్టరైందో అక్కడ ఫైల్ చేయాలి. నేపర్‌విల్‌లో నడిచే కంపెనీ డెలావేర్‌లో రిజిస్టరై ఉంటే ఫైలింగ్ డెలావేర్‌లోనే. బాకీదారు వ్యక్తి అయితే అతని ప్రధాన నివాసం ఉన్న రాష్ట్రం. ఇల్లినాయ్‌లో ఈ ఫైలింగ్‌లు సెక్రెటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయానికి వెళతాయి.

మినహాయింపులు గుర్తుంచుకోండి. వ్యక్తి సొంతానికి వాడుకునే కారు మీద లీన్ అయితే వాహనం టైటిల్ మీద నమోదు కావాలి, యూసీసీ-1 పనికిరాదు. ఇల్లు, స్థలం మీద అయితే మార్టగేజ్‌ను కౌంటీ రికార్డర్ దగ్గర నమోదు చేయాలి. భవనానికి బిగించేసిన సామాను, ఉదాహరణకు వంటగది పొగగొట్టం, గోడకు కట్టేసిన వాక్-ఇన్ కూలర్ లాంటివి ఫిక్స్చర్ కిందకు రావచ్చు. వాటికి కౌంటీలో ఫిక్స్చర్ ఫైలింగ్ కూడా చేయడం మంచిది. అందులో ఆ స్థలం వివరణ ఉండాలి. రెస్టారెంట్ అద్దె స్థలంలో ఉంటే రికార్డులో ఉన్న యజమాని పేరు కూడా రాయాలి. నేపర్‌విల్ కొంత డుపేజ్ కౌంటీలో, కొంత విల్ కౌంటీలో ఉంది. అడ్రస్‌లో ఊరి పేరు చూసి కౌంటీని ఊహించుకోవద్దు. ఆస్తి పన్ను బిల్లు చూసి తేల్చుకోండి.

ఎందుకు తిప్పి పంపుతారు?

ఫైలింగ్ ఆఫీసు మీ ఒప్పందం మంచిదా కాదా అని చూడదు. చట్టంలో ఉన్న కొన్ని కారణాలకే తిరస్కరిస్తుంది. మనకు ఎక్కువగా తగిలేవి ఇవి:

- ఫీజు కట్టకపోవడం, లేదా తక్కువ కట్టడం.
- బాకీదారు పేరు లేకపోవడం. వ్యక్తి అయితే ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేయడం.
- బాకీదారు వ్యక్తా, సంస్థా అన్నది తెలియకపోవడం.
- బాకీదారు మెయిలింగ్ అడ్రస్ లేకపోవడం.
- అప్పు ఇచ్చినవారి పేరు, అడ్రస్ లేకపోవడం.
- ఆ ఆఫీసు తీసుకోని పద్ధతిలో పంపడం.
- సవరణ ఫారంలో పాత ఫైలింగ్ నంబర్ వేయకపోవడం.

సంస్థ పేరుకు 1ఏ గడి, వ్యక్తి పేరుకు 1బీ గడి. రెండింట్లో ఒకటే నింపాలి. కంపెనీతో పాటు యజమాని కూడా తన సొంత ఆస్తిని తాకట్టు పెడితే అతని పేరు రెండో బాకీదారుగా విడిగా రాయాలి. ఈ రికార్డు ఎవరైనా చూడవచ్చు కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబర్ ఎక్కడా రాయకండి.

పేరే ప్రాణం

ఆఫీసు పట్టుకోలేని పెద్ద తప్పు పేరులో ఉంటుంది. సంస్థ అయితే రాష్ట్రంలో దాఖలైన స్థాపన పత్రంలో పేరు ఎలా ఉంటే అలాగే, అక్షరం మార్చకుండా రాయాలి. బోర్డు మీది పేరు, బ్యాంకు ఖాతా మీది పేరు పనికిరావు.

ఫ్లోరిడాలో ఒక కంపెనీ పేరులో ‘బౌలెవార్డ్’ అని పూర్తిగా ఉంటే, బ్యాంకు ఫైలింగ్‌లో దాన్ని కుదించి ‘బీఎల్‌వీడీ’ అని రాశారు. సరైన పేరుతో వెతికితే ఆ ఫైలింగ్ బయటకు రాలేదు. కేసు ఫ్లోరిడా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చిన్న పొరపాట్లను కాపాడే మినహాయింపు అక్కడి వెతుకులాట పద్ధతికి వర్తించదని ఆ కోర్టు 2022లో చెప్పింది. ఒక్క పొట్టి మాట బ్యాంకునే ముంచింది.

వ్యక్తుల పేర్ల దగ్గర మన తెలుగువాళ్లకు చిక్కు ఇంకా ఎక్కువ. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకేచోట ఉన్నవారున్నారు. వాళ్లలో కొందరికి ఇక్కడి కాగితాల్లో ముందు పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. ఇల్లినాయ్‌లో నియమం సూటిగా ఉంది. బాకీదారుకు గడువు తీరని ఇల్లినాయ్ డ్రైవర్ లైసెన్స్ ఉంటే దాని మీద పేరు ఎలా ఉందో అలాగే రాయాలి. లైసెన్స్ లేనివారికి స్టేట్ ఐడీ. మనం ‘వెంకట్’ అని పిలిచినా లైసెన్స్ మీద ‘వెంకటేశ్వర రావు’ ఉంటే అదే పేరు. ఏది ఇంటిపేరు, ఏది సొంత పేరు అన్నది మన ఇంట్లో లెక్క కాదు, లైసెన్స్ లెక్క. లైసెన్స్ ఫొటో తీసుకుని ఫైల్‌లో దాచుకోండి. పేరు మారిందేమో అప్పుడప్పుడూ అడుగుతూ ఉండండి. పేరు మారి, పాత ఫైలింగ్ వెతుకులాటలో దొరక్కపోతే, నాలుగు నెలల తరువాత కొత్తగా చేరే ఆస్తికి రక్షణ ఉండదు. లోపే సవరణ వేయాలి. బాకీదారు ఇల్లినాయ్ నుంచి టెక్సస్‌కు మకాం మారిస్తే అక్కడ కొత్తగా ఫైల్ చేయడానికి కూడా నాలుగు నెలలే గడువు.

తాకట్టు వివరణ

యూసీసీ-1లో ‘ఆస్తులన్నీ’ అని రాయవచ్చు. సెక్యూరిటీ అగ్రిమెంట్‌లో మాత్రం ఆ మాట చెల్లదు, రకాలుగా విడదీసి రాయాలి. మన రాష్ట్రంలోనే ఐ80 ఎక్విప్‌మెంట్ అనే కంపెనీ దివాలా తీసినప్పుడు, బ్యాంకు ఫైలింగ్‌లో తాకట్టు వివరాలు రాయకుండా ‘ఫలానా తేదీ అగ్రిమెంట్‌లో ఉన్నదంతా’ అని మాత్రమే ఉంది. దివాలా కోర్టు అది చాలదంది. 2019లో సెవెన్త్ సర్క్యూట్ కోర్టు చాలునని చెప్పి బ్యాంకును గట్టెక్కించింది. కోట్ల రూపాయల విలువైన అప్పు అప్పటిదాకా గాల్లో ఉంది. మనలాంటివాళ్లం అంత దూరం వెళ్లలేం. పొయ్యిలు, ఫ్రీజర్లు, గ్రైండర్లు, మోడల్ నంబర్లతో సహా రాసేస్తే పోయేదేముంది?

ఐదేళ్లు, ఆపై

ఫైలింగ్ ఐదేళ్లు పనిచేస్తుంది. ఆ తరువాత దానంతటదే పోతుంది. పొడిగింపు ఫారాన్ని గడువుకు ముందు ఆరు నెలల లోపే వేయాలి. 2021 ఆగస్టు 10న నమోదైతే 2026 ఫిబ్రవరి 10కి ముందు వేసిన పొడిగింపు చెల్లదు, ఆగస్టు 10 దాటాక వేసినా చెల్లదు. పిల్లల పుట్టినరోజులు ఉన్న క్యాలెండర్‌లోనే ఈ తేదీలు కూడా రాసుకోండి.

అప్పు తీరాక బాకీదారు రాతపూర్వకంగా అడిగితే 20 రోజుల్లో రద్దు ఫారం వేయాలి. ఆ ఫారంలో ఫైలింగ్ నంబర్ రెండుసార్లు చూసుకోండి. 2008లో జనరల్ మోటార్స్ ఒక అప్పు తీర్చినప్పుడు, దానితో సంబంధం లేని 150 కోట్ల డాలర్ల అప్పుకు చెందిన ఫైలింగ్ కూడా పొరపాటున రద్దు జాబితాలో చేరిపోయింది. జేపీ మోర్గాన్ బ్యాంకు తరఫువారు కూడా చూసి సరేనన్నారు. ఉద్దేశం అది కాదని మొత్తుకున్నా, బ్యాంకు ఒప్పుకున్న కాగితమే కాబట్టి రద్దు చెల్లుతుందని 2015లో అప్పీల్ కోర్టు తేల్చింది.

చివరగా ఒక పని

నమోదైందని కాగితం రాగానే పని అయిపోలేదు. ఆఫీసు రికార్డులో బాకీదారు సరైన పేరుతో మీరే వెతకండి. మీ ఫైలింగ్ కనిపించాలి. కనిపించకపోతే ఆ రోజే సరిచేయండి. నేను ఇప్పుడు ఆ వెతికిన పేజీని ప్రింట్ తీసి ప్రోనోటుకు గుచ్చి పెడుతున్నాను.

మా స్నేహితుడి రెస్టారెంట్ బాగానే నడుస్తోంది, బాకీ కూడా తీరుస్తున్నాడు. నేను కాగితాలు అడిగినప్పుడు అతను నొచ్చుకోలేదు. ‘రేపు బ్యాంకు లోన్‌కి వెళ్లినా ఇవన్నీ అడుగుతారు కదా’ అన్నాడు. కాగితం సరిగా ఉంటే స్నేహం మీద భారం పడదు.