అత్తెసరు మార్కులు, అదిరిపోయే ర్యాంకు

ఇంటర్లో అత్తెసరు మార్కులు, ఎంట్రన్సులో మాత్రం అదిరిపోయే ర్యాంకు. ఇలాంటివాడికి మెడికల్ సీటు ఇవ్వొచ్చా? "తెలివున్నోడు, ఎందుకివ్వకూడదు" అని సగం మంది అంటారు. "రెండేళ్లు కుదురుగా చదవనివాడు ఎంబీబీఎస్ ఏం చదువుతాడు" అని మిగతా సగం. అసలీ ఎంట్రన్సులు ఎందుకొచ్చాయో చూస్తే వాదన ఇంకో దారి పడుతుంది.

తెలివైనవాళ్లని పట్టుకోడానికి కాదండీ, మార్కుల్ని పోల్చడం కుదరక. 1984లో ప్రదీప్ జైన్ కేసులో సుప్రీంకోర్టు మెడికల్ సీట్లలో కొన్ని దేశమంతటికీ తెరవాలంది. మరి ఒక బోర్డులో వచ్చిన 70 శాతం, ఇంకో బోర్డులో వచ్చిన 70 శాతం ఒకటేనా? కాదు కదా. అందుకే 1986లో దినేశ్ కుమార్ కేసులో, 15 శాతం సీట్లకి దేశమంతా ఒకే పరీక్ష అని తేల్చారు. ఆర్టికల్ 371డి వల్ల మన రాష్ట్రం అప్పట్లో అందులో చేరలేదు. మనకి 1986 నుంచి ఎంసెట్ ఉంది. మార్కులు తక్కువైనవాడికి దీనివల్ల దారి దొరికిందంటే అది అనుకోకుండా దొరికినదే.

ఆ దారి 2009లో కొంత మూసుకుంది. పిల్లలు ఇంటర్ని గాలికొదిలేసి బిట్లు బట్టీ పడుతున్నారన్న గోల మధ్య, ఇంటర్ గ్రూపు మార్కులకి 25 శాతం వెయిటేజీ పెట్టారు. (నేను రాసిన ఇంజినీరింగ్ ఎంసెట్లోనూ ఇదే లెక్క.) చిన్న లెక్క వేద్దాం. ఒకడికి ఎంసెట్లో 160కి 140, ఇంటర్ గ్రూపులో 600కి 420. మొత్తం 65.6 + 17.5 = 83.1. ఇంకో అమ్మాయికి 130, 580. మొత్తం 60.9 + 24.2 = 85.1. ఎంసెట్లో పది మార్కులు ముందున్నవాడు ర్యాంకులో వెనక!

న్యాయమే అనిపిస్తుంది. కానీ బైపీసీలో ఆ 600లో 120 ప్రాక్టికల్స్‌వి. 30కి 30 ఎలా పడతాయో ఇంటర్ చదివినవాళ్లకి చెప్పక్కర్లేదు :) పైగా ఎంసెట్ రుద్దే కార్పొరేట్ కాలేజీలే ఇంటర్ మార్కులూ రుద్దాయి.

తమిళనాడు దీనికి పూర్తిగా రివర్సు. 1984లో పెట్టిన ఎంట్రన్సుని తీసేసి 2007 నుంచి ప్లస్ టూ మార్కులతోనే సీట్లిచ్చారు. 2017లో నీట్ వచ్చి పడింది. అరియలూరు జిల్లాకి చెందిన దళిత కూలీ కూతురు అనితకి ప్లస్ టూలో 1200కి 1176, నీట్లో 720కి 86. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఫలితం లేకపోయింది. ఆ సెప్టెంబర్ 1న ప్రాణం తీసుకుంది. పాత కొలతతో డాక్టరు అవ్వాల్సిన పిల్ల కొత్త కొలతతో అనర్హురాలైపోయింది. మధ్యలో ఆ పిల్ల ఏం మారిందని?

మనకీ 2017 నుంచి మెడిసిన్‌కి నీటే. ర్యాంకులో ఇంటర్ మార్కుల ఊసే లేదు. అంటే మన అత్తెసరు కుర్రాడికి దారి మళ్లీ తెరుచుకుంది. కానీ ఒక్క పరీక్ష మీదే అంతా ఆనించడాన్ని మా వృత్తిలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు. 2016లో తెలంగాణ మెడికల్ ఎంసెట్ పేపరు లీకై పిల్లలు మళ్లీ రాయాల్సొచ్చింది. 2024లో నీట్ పేపరు లీకైతే దేశమంతా అల్లాడింది.

నా మటుకు నాకు నచ్చింది తమిళనాడు 2020లో చేసిన పని. నీట్ అర్హత సాధించిన ప్రభుత్వ బడి పిల్లలకి 7.5 శాతం సీట్లు విడిగా పెట్టారు. అంటే కొలత జోలికి పోలేదు, ఎవర్ని ఎవరితో పోల్చాలన్నది మార్చారు. మార్కులా ర్యాంకా అని మనం నలభై ఏళ్లుగా కొట్టుకుంటున్నాం. కోచింగ్ కొనగలిగినవాడు రెండిట్లోనూ గెలుస్తున్నాడు. అందుకని ఆ కుర్రాడికి సీటివ్వాలా అని అడిగేముందు, వాడు ఎవరితో పోటీపడి ఆ ర్యాంకు తెచ్చుకున్నాడో అడగడం మంచిది.