అర్జెంటీనాలో మానవ హక్కుల కమిషన్ పర్యటన (1979)

అర్జెంటీనా సైనిక పాలనలో మానవ హక్కుల పరిస్థితిని పరిశీలించుటకు అమెరికా ఖండ దేశాల మానవ హక్కుల కమిషన్ 1979 సెప్టెంబరు 6 నుండి 20 వరకు ఆ దేశంలో పర్యటించింది. ఈ కమిషన్ ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల ప్రభుత్వాలు సభ్యులుగా గల అమెరికా దేశాల సంస్థలో ఒక అంగం. సైనిక ప్రభుత్వం లేరని చెబుతూ వచ్చిన వేలాది మంది గురించిన ఫిర్యాదులు ఈ పర్యటనలో అంతర్జాతీయ రికార్డులకు ఎక్కాయి.

నేపథ్యం

1976 మార్చి 24న సైన్యం ఇసబెల్ పెరోన్ ప్రభుత్వాన్ని కూలదోసింది. జనరల్ హోర్హే విదేలా అధ్యక్షుడయ్యాడు. తీవ్రవాద నిర్మూలన పేరుతో విద్యార్థులను, కార్మిక నాయకులను, పాత్రికేయులను అపహరించి రహస్య నిర్బంధ కేంద్రాలకు తరలించేవారు. వారు తమ వద్ద లేరని అధికారులు బంధువులకు బదులిచ్చేవారు. ఇట్లు మాయమైన వారిని "అదృశ్యులు" అని పిలిచారు. వారి తల్లులు కొందరు 1977 ఏప్రిల్ 30 నుండి రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లోని ప్లాజా దె మాయో కూడలిలో సమావేశమవుతూ తమ బిడ్డల ఆచూకీ తెలుపమని కోరసాగారు.

అమెరికా మానవ హక్కుల ఒడంబడికను అర్జెంటీనా అప్పటికి ధ్రువీకరించలేదు (1984లో ధ్రువీకరించింది). కనుక ప్రభుత్వ అనుమతి లేనిదే కమిషన్ దేశంలో ప్రవేశించజాలదు. 1978 సెప్టెంబరులో రోమ్ నగరంలో అమెరికా సంయుక్త రాష్ట్రాల ఉపాధ్యక్షుడు వాల్టర్ మాండేల్ విదేలాతో ఈ విషయం చర్చించాడు. రుణాల విషయంలో అమెరికా ఒత్తిడి కూడా పనిచేయగా, అదే సంవత్సరం డిసెంబరులో ప్రభుత్వం కమిషన్‌ను ఆహ్వానించింది.

పర్యటన

కమిషన్ అధ్యక్షుడు వెనిజులాకు చెందిన ఆండ్రెస్ అగిలార్. సభ్యులు విదేలాను, మాజీ అధ్యక్షులను, మతాధికారులను, బంధువుల సంఘాలను కలుసుకొన్నారు, జైళ్లను సందర్శించారు. బ్యూనస్ ఎయిర్స్‌లోని అవెనిదా దె మాయో వీధిలో గల కార్యాలయం ముందు ఫిర్యాదుదారులు బారులు తీరారు. కమిషన్‌కు మొత్తం 5,580 ఫిర్యాదులు అందాయి. వీటిలో 4,153 కొత్తవి.

ప్రభుత్వ చర్యలు

* "అర్జెంటీనా ప్రజలమైన మేము సక్రమంగా, మానవత్వంతో ఉన్నాము" అనే అర్థం వచ్చే నినాదం గల స్టిక్కర్లు విస్తృతంగా పంచబడ్డాయి. స్పానిష్ భాషలో ఈ నినాదం "మానవ హక్కులు" అనే పదాలతో చేసిన చమత్కారం.
* సెప్టెంబరు 7న టోక్యోలో డీగో మారడోనా ఆడిన అర్జెంటీనా జట్టు ప్రపంచ యువ ఫుట్‌బాల్ పోటీలో విజయం సాధించింది. వీధులలో సంబరాలు చేసి కమిషన్‌కు దేశపు అసలు ముఖం చూపాలని రేడియోలో పిలుపునిచ్చారు. అదే సమయంలో బంధువులు వరుసలో నిలబడి ఉన్నారు.
* నావికాదళ మెకానిక్స్ పాఠశాలలోని నిర్బంధ కేంద్రంలో మెట్లదారి, లిఫ్టు తొలగించబడ్డాయి. బయటపడినవారి వర్ణనలతో భవనం సరిపోలకుండా చేయుటయే దీని ఉద్దేశం. బందీలను కొందరిని టీగ్రే డెల్టాలో గల "ఎల్ సిలెన్సియో" (నిశ్శబ్దం) అనే దీవికి తరలించి దాచారు.
* అదే నెలలో 22,068వ నంబరు చట్టం చేయబడింది. దీని ప్రకారం అదృశ్యులు మరణించినట్లు భావించమని ప్రభుత్వమే న్యాయమూర్తిని కోరవచ్చును.

నివేదిక

1980 ఏప్రిల్ 11న కమిషన్ నివేదికను ఆమోదించింది. 1975-1979 మధ్య జీవించే హక్కు, స్వేచ్ఛ, న్యాయ విచారణ హక్కు తీవ్రంగానూ, క్రమబద్ధంగానూ ఉల్లంఘింపబడినట్లు ఇందులో పేర్కొన్నారు. మరణాలకు బాధ్యులైన వారిపై విచారణ జరిపి శిక్షించాలని, అదృశ్యుల వివరాలు కుటుంబాలకు తెలుపాలని సిఫారసు చేశారు. ప్రభుత్వం దీనిని తిరస్కరించింది. దేశంలో నివేదిక ప్రతులు రహస్యంగా చేతులు మారాయి.

ప్రభావం

ఎవరినీ శిక్షించే అధికారం కమిషన్‌కు లేదు. పర్యటన తరువాత కూడా సైనిక పాలన నాలుగేళ్లు కొనసాగింది. అయితే ప్రభుత్వం కాదన్న విషయం పేర్లతో, తేదీలతో నమోదయింది. 1983లో ప్రజాస్వామ్యం పునరుద్ధరింపబడిన తరువాత ఏర్పడిన జాతీయ విచారణ సంఘం 8,961 మంది అదృశ్యులను గుర్తించింది. మానవ హక్కుల సంఘాల అంచనా 30,000. 1985 డిసెంబరు 9న న్యాయస్థానం విదేలాకు యావజ్జీవ కారాగార శిక్ష విధించింది. 1990లో క్షమాభిక్ష పొందినా, తరువాత మరల శిక్షింపబడి 2013లో జైలులో మరణించాడు. దాచిపెట్టుటకు ప్రయత్నించిన నావికాదళ పాఠశాల భవనం నేడు స్మారక మ్యూజియం. 2023లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.