నారాయణగూడ ల్యాబ్, నగరం జ్వరాల లెక్క

మహమ్మారి వచ్చినప్పుడు ఏటా వచ్చే ఫ్లూ వ్యాపించే తీరు మారుతుంది, దాన్ని లెక్కపెట్టే తీరు కూడా మారుతుంది. రెండు మార్పులూ ఒకే అంకెలో కలిసిపోతాయి కనుక, కేసులు తగ్గినప్పుడు జబ్బు తగ్గిందో పరీక్షలు తగ్గాయో వెంటనే చెప్పలేం. హైదరాబాద్‌లో ఈ లెక్కల చరిత్ర చాలావరకు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌తో ముడిపడి ఉంది. నగరవాసులు దాన్ని ఐపీఎం అనే అంటారు. కుక్క కరిస్తే సూది కోసం వెళ్ళే చోటుగా, ఆఫ్రికా దేశాలకు ప్రయాణమయ్యేవారు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకునే చోటుగా దానికి పేరుంది. ముక్కు, గొంతుల నుంచి తీసిన నమూనాలు చేరే ల్యాబ్‌గా అది తరచూ పత్రికలకెక్కింది మాత్రం 2009 తర్వాతే.

1918లో ఇక్కడ అలాంటి ఏర్పాటు లేదు. బొంబాయిలో మొదలైన ఇన్‌ఫ్లుయెంజా ఆ ఏడాది సెప్టెంబర్ తర్వాత దక్కనంతా పాకింది. వాడి జంక్షన్ మీదుగా బొంబాయి మార్గంతో నిజాం రాజ్యానికి అప్పటికే రైలు సంబంధం ఉంది. ఫ్లూ వైరస్‌ను విడదీసి గుర్తించడం 1933 దాకా ఎవరికీ సాధ్యం కాలేదు. చనిపోయినవారిని దేశమంతటా ఎక్కువగా ‘జ్వరం’ పద్దు కిందే రాశారు. అందువల్ల నష్టం అంచనా జనాభా లెక్కల నుంచే రావాలి. హైదరాబాద్ రాజ్యంలో 1911లో సుమారు 1 కోటి 33 లక్షల మంది ఉండగా 1921లో 1 కోటి 24 లక్షలకు పడిపోయారు. రాజధానిలో జనాభా దాదాపు 5 లక్షల నుంచి 4 లక్షల చిల్లరకు దిగింది. ఈ తరుగుదలనంతా ఫ్లూ ఖాతాలో వేయడం మాత్రం సరికాదు. అదే దశాబ్దంలో నగరాన్ని ప్లేగు పట్టి పీడించింది. 1918లో వానలూ సరిగా కురవలేదు. మహమ్మారి పోయాక ఆ వైరస్ పోలేదు. దాని సంతతి హెచ్1ఎన్1 పేరుతో దాదాపు నలభై ఏళ్ళు ఏటేటా వచ్చే మామూలు ఫ్లూగా కొనసాగింది.

దాన్ని వెళ్ళగొట్టింది మరో మహమ్మారి. 1957 మేలో సింగపూర్ వైపు నుంచి మద్రాసు రేవుకు వచ్చిన రజులా ఓడతో ‘ఏషియన్ ఫ్లూ’ దేశంలోకి దిగింది. అప్పటికి లెక్కపెట్టే యంత్రాంగం ఒకటి ఏర్పడి ఉంది. నీలగిరుల్లోని కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో 1950 నుంచే ఇన్‌ఫ్లుయెంజా కేంద్రం పనిచేస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952లో వివిధ దేశాల ల్యాబ్‌లను కలిపి నిఘా వ్యవస్థను ఏర్పాటు చేసింది. 1958 ఫిబ్రవరి నాటికి దేశంలో నమోదైన కేసులు 44 లక్షలు దాటాయి, మరణాలు సుమారు 1,100. కేసుల లెక్కను కొంత నమ్మవచ్చేమో గానీ, పల్లెల్లో ఇళ్ళలోనే పోయిన ముసలివాళ్ళు, పసివాళ్ళు ఆ మరణాల్లో ఉన్నారని నమ్మడం కష్టం. కొత్తగా వచ్చిన హెచ్2ఎన్2 పాత హెచ్1ఎన్1ను తోసేసి ఏటా వచ్చే ఫ్లూ స్థానంలో కూర్చుంది. 1968లో హెచ్3ఎన్2 దాన్నీ తోసేసింది. 1977లో హెచ్1ఎన్1 తిరిగి వచ్చి హెచ్3ఎన్2తో పాటు స్థిరపడింది. నేడు మామూలు ఫ్లూ అని తీసిపారేసే ప్రతి ‘ఏ’ రకం వైరస్‌ వెనుకా ఒకనాటి మహమ్మారి ఉంది.

2009లో కొత్త హెచ్1ఎన్1తో మరో మహమ్మారి వచ్చినప్పుడు దేశంలో మొదటి కేసు హైదరాబాద్‌లోనే తేలింది. న్యూయార్క్ నుంచి దుబాయ్ మీదుగా మే 13న శంషాబాద్‌లో దిగిన ఒక యువకుడిని విమానాశ్రయ తనిఖీలో ఆపి ఎర్రగడ్డలోని ఛాతీ ఆస్పత్రికి తరలించారు. నమూనాలు ఢిల్లీకి, పుణెకు వెళ్ళి 16న స్వైన్ ఫ్లూ అని ఖరారై వచ్చాయి. ఫలితం కోసం వేరే నగరం వైపు చూడాల్సిన ఆ స్థితి ఎక్కువ కాలం సాగలేదు. పరీక్ష ఐపీఎంలోనే జరగడం మొదలయ్యాక నారాయణగూడ నుంచి వెలువడే పాజిటివ్‌ల సంఖ్య రోజువారీ వార్త అయింది.

ఆ సంఖ్యను చదివేవారు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు రోగులను ఏ, బీ, సీ అని విడదీశాయి. కొద్దిపాటి జ్వరం, గొంతునొప్పి ఉంటే ఏ. వారికి పరీక్ష అక్కర్లేదు. జ్వరం ఎక్కువగా ఉన్నవారు, గర్భిణులు, వృద్ధులు, దీర్ఘరోగులు బీ. మందిస్తారు, పరీక్ష చేయరు. ఆయాసం, ఛాతీనొప్పి, మగతతో ఆస్పత్రిలో చేరే సీ వర్గానికే పరీక్ష. మందులూ ల్యాబ్ సామర్థ్యమూ పరిమితంగా ఉన్నచోట ఇది సరైన పద్ధతే. కానీ దీనివల్ల లెక్కలోకి వచ్చింది వ్యాప్తి కాదు, తీవ్రత. పోటీ పరీక్షల కోచింగ్‌కు వచ్చేవారు ఉండే అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ గదిలో నలుగురికి ఒకేసారి జ్వరం వచ్చి, మెడికల్ షాపు మాత్రలతో తగ్గిపోతే ఆ నలుగురూ ఏ జాబితాలోనూ ఉండరు.

2010 ఆగస్టు 10న మహమ్మారి దశ ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ వైరస్ 1977 నాటి హెచ్1ఎన్1 స్థానాన్ని తీసుకుని ఏటా వచ్చే ఫ్లూగా మిగిలింది. ఇలా మామూలైపోయిన వైరస్సే 2015లో మహమ్మారి ఏడాదిని మించి ప్రాణాలు తీసింది. దేశంలో 2009లో 27,236 కేసులు, 981 మరణాలు నమోదైతే, 2015లో 42,592 కేసులు, 2,990 మరణాలు. తెలంగాణ ఏర్పడ్డాక వచ్చిన తొలి చలికాలం అది. గాంధీ ఆస్పత్రిలో ప్రత్యేక వార్డు, ఐపీఎంలో నమూనాల రద్దీ, మాస్కుల కొరత, రోజూ బులెటిన్. 2009లోనే నేర్చుకున్న పరీక్ష, పేరు పెట్టుకున్న భయం లేకపోతే ఆ జ్వరాల్లో ఎన్నో న్యుమోనియా ఖాతాలోకి పోయేవి. అంటే మహమ్మారి వదిలిపెట్టిన ల్యాబ్ వల్లే తర్వాతి సీజన్ కళ్ళకు కనిపించింది.

2020లో కథ తిరగబడింది. మార్చి 2న తెలంగాణలో తొలి కొవిడ్ కేసు ఖరారైంది. అదే నెల మధ్యలో బడులు, సినిమాహాళ్ళు మూసేశారు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్లు చీకటైపోయాయి, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పోటీ పరీక్షలకు చదువుకునేవారు ఇంటిదారి పట్టారు. మార్చి చివరి వారంలో హాస్టళ్ళు ఖాళీ చేయమనేసరికి, ఊళ్ళకు వెళ్ళే అనుమతి పత్రాల కోసం నగరంలో వేలమంది యువకులు పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. ఫ్లూ కోణంలో చూస్తే ఇది చిన్న మార్పు కాదు. ఇరుకు గదులు, కిక్కిరిసిన కోచింగ్ తరగతులు, మెస్సులో పక్కపక్కన భోజనం: శ్వాసతో పాకే వైరస్‌కు కావలసినవన్నీ అశోక్‌నగర్‌లో ఉన్నాయి, అవన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అదే సమయంలో గాంధీ ఆస్పత్రిని పూర్తిగా కొవిడ్‌కే కేటాయించారు. ఐపీఎం, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి, ఉస్మానియా, నిమ్స్ ల్యాబ్‌లు కొవిడ్ పరీక్షల్లో మునిగిపోయాయి. ఫ్లూ పరీక్ష చేసే యంత్రాలు, చేతులు అవే, వెతికే వైరస్ మాత్రం వేరు.

దేశంలో హెచ్1ఎన్1 కేసులు 2019లో 28,798. 2020లో 2,752, 2021లో 778. వెతకనందువల్లే దొరకలేదా అన్న అనుమానం సహజం. అందులో కొంత నిజముంది. కానీ వెతికిన చోటా దొరకలేదు. 2020 ఏప్రిల్ నుంచి జులై దాకా, అంటే దక్షిణార్ధగోళపు చలికాలంలో, ఆస్ట్రేలియా, చిలీ, దక్షిణాఫ్రికాల్లో 83,307 నమూనాలు పరీక్షిస్తే ఫ్లూ తేలింది 51 మందిలో. మాస్కు, దూరం, ఆగిన ప్రయాణాలు కరోనాను ఆపలేకపోయినా ఫ్లూను దాదాపు ఆపేశాయి. దీనికి కారణం సులువుగానే అర్థమవుతుంది. ఫ్లూ ఒకరి నుంచి సగటున ఒకరిద్దరికే పాకుతుంది, పైగా జనంలో దానికి ఎంతో కొంత నిరోధకత ఉంటుంది. సంపర్కాలు కాస్త తగ్గితే చాలు, గొలుసు తెగిపోతుంది. కరోనాకు ఆ అడ్డు లేదు.

నిఘా కూడా వేరే దారులు వెతుక్కుంది. 2020 ఆగస్టులో నగరంలోని పరిశోధన సంస్థలైన సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు నగరపు మురుగునీటిలో వైరస్ జన్యుశకలాలను కొలిచి సుమారు 6.6 లక్షల మందికి కరోనా సోకి ఉండవచ్చని అంచనా కట్టారు. ఆస్పత్రికి రానివారినీ లెక్కలోకి తేవడం ఇందులోని మేలు. 2009 నాటి ఏ, బీ, సీ విభజన వదిలేసింది సరిగ్గా వారినే. 2021 జులై నుంచి భారత వైద్య పరిశోధన మండలి తన వైరాలజీ ల్యాబ్‌ల ద్వారా జ్వరం, దగ్గుతో వచ్చేవారి నమూనాలను ఫ్లూకూ కరోనాకూ కలిపి పరీక్షించే పద్ధతి పెట్టింది.

రోడ్లు, తరగతి గదులు మళ్ళీ నిండాక ఫ్లూ తిరిగొచ్చింది. 2022లో హెచ్1ఎన్1 కేసులు 13,202, మరణాలు 410. 2023 ఫిబ్రవరి, మార్చిల్లో ముందుకొచ్చింది హెచ్3ఎన్2. వారాల తరబడి వదలని దగ్గుతో ఓపీలు నిండాయి, కరోనా మళ్ళీ వచ్చిందేమో అన్న భయం ముందు పుట్టి, పరీక్ష తర్వాత ఫ్లూ పేరు తేలింది. 2024లో హెచ్1ఎన్1 కేసులు 20,414కు చేరాయి. తిరిగి రానిది ఒకటే: ఫ్లూ ‘బీ’ రకంలో యమగాటా శాఖ. 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా అది వ్యాపిస్తున్నట్టు నిర్ధారణ కాలేదు. టీకాలో దానికి చోటు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సెప్టెంబర్‌లో సూచించడంతో, నాలుగు రకాల టీకా మళ్ళీ మూడు రకాల టీకాగా మారుతోంది.