నిజాంసాగర్ పూడిక లెక్క

1923. మంజీర ఒడ్డున అచ్చంపేట దగ్గర కూలీలు రాళ్లు మోస్తున్నారు. హైదరాబాద్ రాజ్యపు చీఫ్ ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ గీయించిన నక్షా కళ్ల ముందే ఆనకట్టగా లేస్తోంది. 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయింది. పొడవు మూడు కిలోమీటర్లు, నిల్వ 29.7 టీఎంసీలు, ఆయకట్టు లక్ష్యం 2,75,000 ఎకరాలు. కాలువ నీళ్లు పారిన బోధన్ ప్రాంతం చెరకుతో పచ్చబడింది. ఆ చెరకును నమ్ముకునే 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది.

ఇంత పెద్ద పథకం అంచనాల్లో ఒక చిన్న పద్దు ఉంది. నది ఏటా మోసుకొచ్చే పూడిక 530 ఎకరపు అడుగులని వేశారు. అంటే 530 ఎకరాల మీద అడుగు మందాన పరిచినంత మట్టి. ఆ లెక్కన జలాశయం పూర్తిగా పూడాలంటే పన్నెండు వందల ఏళ్లకు పైనే పడుతుంది. అంత నిశ్చింతనిచ్చే అంకెను ఎవరూ మళ్లీ తిరగేసి చూడరు.

మంజీర బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూరు, బీదర్ చేల మీదుగా వస్తుంది. వాన పడ్డప్పుడల్లా ఆ నేల కోతకు గురై నదిలో కలుస్తుంది. తర్వాతి దశాబ్దాల్లో జలాశయాన్ని కొలిస్తే అసలు సంగతి బయటపడింది. ఏటా చేరుతున్న పూడిక 8,725 ఎకరపు అడుగులు, అంచనాకు పదహారు రెట్లు! అదే జోరు సాగితే ఎనభై ఏళ్లు కూడా నిలవని జలాశయం అది. 1970లలో ఎత్తు పెంచాల్సి వచ్చింది. అయినా ఇవాళ నిండితే ఉండేది 17.8 టీఎంసీలే.

ఈ నెపం ఒక్క ఇంజనీరు మీద వేయలేం. తుంగభద్ర జలాశయానికి ఏటా 9,796 ఎకరపు అడుగుల పూడికని వేస్తే 41,058 వచ్చింది. భాక్రా, మైథాన్ జలాశయాల్లో కూడా అంచనా తప్పింది. ఆ కాలంలో నదుల మట్టిని ఏళ్ల తరబడి కొలిచిన లెక్కలు చాలా తక్కువ. అసలు ప్రమాదం ఆ తర్వాత మొదలవుతుంది. ఒక నివేదికలో ఊహగా వేసిన అంకె, పై నివేదికకు వెళ్లేసరికి నిజమై కూర్చుంటుంది. నీళ్ల అంచనా మీద ఆయకట్టు, ఆయకట్టు మీద చెరకు, చెరకు మీద ఫ్యాక్టరీ. కింది అంకె కదిలితే పైవన్నీ కదులుతాయి.

ఇది పెద్ద ఆనకట్టలకే కాదు, చిన్న రిపోర్టులకూ వర్తిస్తుంది. ఒక ఊళ్లో పసుపు రైతులు పదిమంది కలిసి ఉడికించే బాయిలరు, పాలిష్ యంత్రం కోసం బ్యాంకుకు ప్రాజెక్టు రిపోర్టు పెట్టుకున్నారనుకుందాం. పచ్చి పసుపు ఉడికించి ఎండబెడితే బరువులో సుమారు అయిదో వంతే మిగులుతుంది. రిపోర్టులో నూటికి 22 అని రాసి, కళ్లంలో 18 వస్తే ఆదాయం దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. కిస్తీ మాత్రం రూపాయి తగ్గదు.

అందుకే రాసేవాళ్లు ప్రతి అంకె పక్కన అది ఎక్కడిదో రాయాలి: మన కళ్లంలో తూచినదా, మార్కెట్ యార్డు చిట్టాలోదా, పక్క ఊరివాళ్లు చెప్పిందా, లేక ఊహేనా? ఊహయితే ఊహ అనే రాయాలి. అది తప్పితే ఏమవుతుందో ఆ కిందనే లెక్క కట్టి చూపాలి. చదివేవాళ్లు మొత్తం లాభం చూసే ముందు, ఏ అంకె మీద రిపోర్టంతా నిలబడిందో వెతికి, దాన్ని సగం చేసి, రెట్టింపు చేసి చూడాలి. అప్పుడూ కిస్తీ కట్టగలిగితే సంతకం పెట్టవచ్చు. కట్టలేకపోతే ఆ రిపోర్టును వెనక్కి పంపడమే ఆ రైతులకు చేసే మేలు.