గుప్పెడు బియ్యం కుండ

కాస్త మంటకు దగ్గరగా జరగండర్రా. క్రిస్మస్ నెల చలి ఎముకల్లోకి పోతుంది. తీరిక లేదని మీరన్నా నేను చెప్పక మానను. ముచ్చట నా వంతు, ఓపిక మీ వంతు.

ఇది నయాపైసలు రాకముందు సంగతి. 1957 ఏప్రిల్ 1న అవి వచ్చాయి. అంతకుముందు రూపాయికి పదహారణాలు. అణా పెడితే హోటల్లో కప్పు కాఫీ. ఆదివారం గుడికి పోయేటప్పుడు మా అమ్మ తలా ఒక కానీ ఇచ్చేది, కానుక సంచిలో వేయమని. అణాలో నాలుగో వంతు అది. దాన్ని గుప్పిట్లో పట్టుకుని మిఠాయి కొట్టు దాటడమే మా భక్తికి పెద్ద పరీక్ష. నవ్వకండి, మీరైతే అక్కడే ఆగిపోయేవాళ్లు!

గుడిలో చాపల మీద మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. ఎదురుపడితే "వందనాలండి". చేతిలో డబ్బు ఆడని ఇంటి నుంచి కూడా కానుక వచ్చేది. ఎసట్లో పోసే బియ్యంలోంచి గుప్పెడు తీసి ఆడవాళ్లు వేరే ముంతలో వేసేవాళ్లు. ఆదివారం ఆ ముంతలన్నీ గుడిలో కుండలోకి ఒంపేవాళ్లు. బోధకుడు గారి ఇల్లు గడిచేది ఆ బియ్యంతోనే.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవాడు. మంచివాడే. శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉండేవాడు. ఆ సంగతి తెలియని ఇల్లు పేటలో లేదు. లేచి ప్రార్థన మొదలుపెడితే ఊరి కబుర్లన్నీ దేవుడికి విన్నవించేవాడు. "ప్రభువా, పడమటి వీధిలో, చింతచెట్టు పక్కింట్లో కొందరు కల్లు పాకకు పోతున్నారు తండ్రీ" అని ఇంటిగుర్తులతో సహా! పరిసయ్యుడు, సుంకరి కథ ఆయనకు కంఠతా వచ్చు. అందులో తానెవరో మాత్రం ఎన్నడూ తోచలేదు. గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అన్నారా?

సరే, కుండ దగ్గరికి వద్దాం.

ఒక ఎండాకాలం పనులు లేవు. పేటలో ఒకాయన ఇంట రెండు రోజులుగా పొయ్యిలో పిల్లి లేవలేదు. రాత్రివేళ గుడిలోకి పోయి కుండలోంచి రెండు మానికల బియ్యం తీసుకున్నాడు. తెల్లారి అడిగితే దాచలేదు, తీశానని ఒప్పుకున్నాడు. సంఘపెద్దలు కూర్చున్నారు. దేవుడి సొమ్ము ముట్టినవాడు ప్రభువు బల్లకు తగడు, ఏడాది దూరం పెట్టాలన్నారు. పిల్లలు ఏమైనా తిన్నారా అని ఒక్కరూ అడగలేదు.

బల్ల ఆదివారం పట్నం నుంచి పాస్టరు గారు వచ్చారు. రొట్టె, ఎండుద్రాక్ష నానబెట్టి పిసికిన రసం సిద్ధం చేశారు. బియ్యం తీసినాయన, ఆయన భార్య వెనక గోడకు చేరి కూర్చున్నారు. బోధకుడు గారి భార్య లేచి వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంది. ఆ కుండ బియ్యంతో కాపురం నడుపుకునే మనిషి ఆమె! రొట్టె తెస్తే వద్దంది. "వాళ్లింట పొయ్యి వెలగలేదని నాకు తెలుసు, మీకూ తెలుసు. తిలాపాపం తలా పిడికెడు. ఆయన తగకపోతే నేనూ తగను" అంది.

పాస్టరు గారు మత్తయి సువార్త 18వ అధ్యాయం తీశారు. తప్పు చేసినవాడి దగ్గరికి ముందు ఒంటరిగా పొమ్మని ఉంది, వినకపోతే ఇంకొకరిద్దరితో పొమ్మని ఉంది, అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పమని ఉంది, మీలో ఆయన గుమ్మం తొక్కిందెవరు అని అడిగారు. ఎవరూ పలకలేదు. ఆ అధ్యాయం చివరనే అప్పు కథ ఉంది. రాజు పదివేల తలాంతులు మాఫీ చేస్తే, ఆ దాసుడు బయటికొచ్చి, నూరు దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు. దేనారమంటే ఒక రోజు కూలి. తలాంతుకు ఆరువేల దేనారాలు. మాకు తెలిసేలా అణాల్లో లెక్క కట్టి చెప్పారాయన. తోటివాడి బాకీ ఒక్క అణా అనుకుంటే, ఆ దాసుడికి రాజు వదిలేసింది 37,500 రూపాయలు. అంత సొమ్ము మా పేటంతా కలిసినా ఎన్నడూ చూసి ఎరగదు. చాప మీది వాళ్లంతా తలలు దించుకున్నారు.

తప్పును ఒప్పని పాస్టరు గారు అనలేదర్రా. తీసిన బియ్యం తిరిగి పొయ్యాలన్నారు. కోతలయ్యాక తీసినాయన రెండు మానికలూ కుండలో పోశాడు కూడా. కానీ బల్ల మాత్రం ఆ ఆదివారమే అందరితోపాటు అందుకున్నాడు. ఉపవాసాల పెద్దాయన అలిగి క్రిస్మస్ దాకా పాస్టరు గారితో మాట్లాడలేదు.

మనవాళ్లు అలా ఒకర్ని దూరం పెట్టబోయారే, అసలు మన ఒంగోలు వైపు సంఘాలు ఎలా పుట్టాయి? 1866లో క్లౌ అనే మిషనరీ దొర ఒంగోలు వచ్చాడు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పెద్ద కులాలవాళ్లు అన్నారు. దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో బైబిల్ తెరిస్తే, లోకం నీచమని తోసేసినవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడన్న కొరింథీ పత్రిక మాటే ఇద్దరికీ కనపడిందట. తోసేసినవాళ్లనే చేర్చుకున్నారు. 1876 నుంచి 78 దాకా కరువొస్తే బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పనికి గుత్త తీసుకుని జనానికి కూలి చూపించాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఏళ్ల తరబడి గడప బయట నిలబెట్టిన జనం వాళ్లు. మన ముత్తాతలు వాళ్లలోని వాళ్లే.

కనికరంతో లోపలికి వచ్చినవాళ్లం మనం. ఇంకొకరిని గడప బయట నిలబెట్టే హక్కు మనకెక్కడిది? ఎవరైనా తప్పు చేశారని వింటే పదిమందికి చెప్పకండి, ప్రార్థనలో పేరెట్టి వినిపించకండి. ముందు వాళ్లింటికి పోండి. పోయేటప్పుడు కాసిని బియ్యం పట్టుకుపోండి.