వృక్షవిశేషము

ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. ఆ కాలంలో ఎన్ని వందలసార్లు నల్లబల్ల మీద "వృక్షవిశేషము" అని వ్రాసి ఉంటానో లెక్కలేదు. కింశుకము, వృక్షవిశేషము. కుటజము, వృక్షవిశేషము. కర్ణికారము, వృక్షవిశేషము. నిఘంటువులు అట్లాగే చెప్పాయి, పండిత శిక్షణలో మా గురువులు అట్లాగే చెప్పారు, నేనూ అట్లాగే చెప్పాను. నల్లగొండ జిల్లాలో నేను పనిచేసిన ఒక బడిలో ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు లేచి, "సార్, ఆ చెట్టు మన దగ్గర ఉంటదా?" అని అడిగాడు. "పరీక్షలో అంతవరకు అడగరు, కూర్చో" అన్నాను. నిజానికి నాకు తెలియదు. తెలియదని ఒప్పుకునే ధైర్యం ఆనాడు లేకపోయింది.

పదవీవిరమణ తరువాత మా అబ్బాయి ఒక డిజిటల్ కెమెరా కొనిచ్చాడు. మనుమలను తీయమని ఇచ్చినది. నేను మాత్రం దానిని భుజాన వేసుకొని, ఫాల్గుణ చైత్రాలలో గుట్టలెక్కి పువ్వులను వెతకడం మొదలుపెట్టాను. ఆ పిల్లవాడికి బాకీపడిన జవాబు కోసమే అనుకోండి.

మొదట మా జిల్లా గుట్టలతోనే ఆరంభించాను. రాచకొండ ఒకప్పుడు రేచర్ల పద్మనాయకుల రాజధాని. ఆ వంశపు సర్వజ్ఞ సింగభూపాలుడు సంస్కృతంలో రసార్ణవసుధాకరమనే లక్షణగ్రంథం రచించాడు. శృంగారానికి ఉద్దీపనలు చెప్పేచోట కోకిల కూత, మామిడి, మందమారుతం వంటివి చేర్చాడు. పండిత శిక్షణలో ఆ జాబితా మాకు కంఠస్థం. ఫాల్గుణంలో ఆ కోట దారి ఎక్కితే కంటికి మొట్టమొదట కనిపించినది మామిడి కాదు, మోదుగు. ఆకు ఒక్కటి లేకుండా, చెట్టు చెట్టంతా నిప్పు రాజుకొన్నట్లున్నది. ఒక పువ్వును దగ్గరగా తీసి, ఇంటికి వచ్చి తెరమీద పెద్దది చేసి చూశాను. వంకర తిరిగిన ఎర్రని ముక్కు. కింశుకము, అనగా "ఇది చిలుకయా ఏమి?" అని వ్యుత్పత్తి చెప్తూనే ఉన్నాను అన్నేళ్ళూ. ఆ చిలుక ముక్కును మాత్రం అరవై దాటాక చూశాను. ఈ పువ్వులను ఉడికించి హోళీకి రంగు చేసుకునే మా ఊరి పిల్లలకు ఆ వ్యుత్పత్తి తెలియదు. పువ్వు తెలుసు.

ఇక కర్ణికారం సంగతి. కాళిదాసు కుమారసంభవంలో దీనిని గురించి చింతించాడు: రంగు ఉన్నది, వాసన లేదు, బ్రహ్మ ఒకచోటనే అన్ని గుణాలూ ఉంచడు గదా అని. కర్ణికారమంటే ఏ చెట్టు అనే విషయంలో పెద్దలకు ఏకాభిప్రాయం లేదు. కొందరు రేల అంటారు. ఉత్తరాదిలో కనకచంపకమనే పెద్ద చెట్టును చూపుతారు, కాని దాని పువ్వుకు చక్కని వాసన ఉన్నది, కనుక కాళిదాసు పరీక్షలో అది నిలవదు. మన తెలుగు పండితులు మాత్రం కొండగోగు అని అర్థం చెప్పుకుంటూ వచ్చారు. కొండగోగు ఎక్కడుంటుందని విచారిస్తే, నల్లమల బండల మీద ఉంటుందన్నారు.

కనుక మరుసటి ఏడు ఫాల్గుణంలో డిండి దాటి, అచ్చంపేట మీదుగా ఉమామహేశ్వరం చేరాను. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. 2016లో జిల్లాల విభజన తరువాత నాగర్‌కర్నూల్ జిల్లా. శ్రీశైలానికి ఉత్తర ద్వారమని దీనికి ప్రసిద్ధి. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం తక్కిన మూడు ద్వారాలు. పదమూడవ శతాబ్ది నాటి పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఒక ప్రకరణాన్నే శ్రీశైలం కోసం కేటాయించాడు. అనగా ఈ కొండల మీదుగా మన సాహిత్యం ఏడువందల ఏళ్ళకు పూర్వమే నడిచి వెళ్ళినది. నేను బస్సులో వెళ్ళి, మెట్లెక్కి ఆయాసపడ్డాను.

గుడి ఒక పెద్ద కొండచరియ కింద ఉన్నది. రాతి నుండి ఊరే నీటిని పాపనాశనం అంటారు. ఆ చరియకు పైన, మట్టి కనబడని బండ సందులో, వంకరటింకర కొమ్మల చెట్టు ఒకటి. ఆకు లేదు. కొమ్మల కొసలలో అరచేతి వెడల్పున పసుపు పచ్చని పువ్వులు. కెమెరా కన్ను దగ్గర పెట్టుకొని చాలాసేపు నిలుచున్నాను. కట్టెల మోపు దించుకొని కూర్చున్న ముసలామె నన్ను చూసి నవ్వింది.

"ఏంది సారూ, చెట్టుకు ఫోటో దింపుతున్నవా?"

"ఈ చెట్టు పేరేమిటి అవ్వా?"

"కొండగోగు. బంక తీస్తరు. కాయ పగిలితే దూది ఎగుర్తది."

"దీనినే కర్ణికారమంటారు తెలుసా?"

"ఏమో సారూ. ఎవలేమన్నా గని అది కొండగోగే."

రాలిన పువ్వునొకదానిని తీసి వాసన చూశాను. నా ముక్కుకు ఏ పరిమళమూ తగలలేదు. కాళిదాసు చెప్పినది ఇదేనని నేను తీర్పు చెప్పబోను. కాని అవ్వ రెండు ముక్కలలో చెప్పినది నిఘంటువు చెప్పలేకపోయిందని మాత్రం ఒప్పుకొన్నాను. లిన్నేయస్ మహాశయుడు కూడ ఈ చెట్టును మొదట బూరుగు జాతిలోనే చేర్చాడు. కాయలోని ఆ దూది వల్లనే కావచ్చు. తరువాతివారు వేరు చేశారు.

ఇంటికి వచ్చి, మన చెట్ల పేర్లను ఎవరు ఎప్పుడు వ్రాసి పెట్టారా అని తిరగేశాను. కథ సముద్రతీరంలో మొదలవుతుంది. లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1768లో తరంగంబాడి వచ్చి, చివరకు 1785లో కాకినాడ వద్ద జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆయన మిత్రుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట వేసి, మన చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్ళిన తరువాత కూడ ఆ పని ఆపలేదు. మొత్తం బొమ్మలు సుమారు 2,500. 1795 నుండి లండనులో అచ్చయిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో మన మోదుగు ఉన్నది, తెలుగు పేర్లూ ఉన్నాయి. సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తుందని లోకానికి చెప్పినదీ ఆయనే. ఆ తెలుగు మాట నుండే ఆ చెట్టుకు సోయిమిడా అనే శాస్త్రీయ నామం వచ్చింది. 1859లో వాల్టర్ ఇలియట్ 'ఫ్లోరా ఆంధ్రికా' అని తెలుగు మొక్కల పేర్ల పట్టికను మద్రాసులో అచ్చువేశాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ పుస్తకం పేరులో ఆంధ్రం ఉన్నది గాని, దాని పరిధి ఉత్తర సర్కారులు మాత్రమే. తెలుగు పేర్లు వ్రాసుకొన్న దొరల కలం కృష్ణ దాటి ఈ గట్టుకు రాలేదు. ఇది నిజాం రాజ్యం. 1911లో నిజాం రాజ్యపు అటవీ వృక్షాల మీద గ్రంథమొకటి వచ్చింది, నిజమే. కాని అది అడవిని కలపగా చూసే కాలం. ఆవలి ఒడ్డు మద్రాసు రాజధాని కనుక గ్యాంబుల్ మహాగ్రంథంలోకి ఎక్కింది. అవే కొండలు, అవే పువ్వులు. నడుమ ఒక నది, రెండు సర్కారులు. నల్లమల వృక్షసంపద మీద ఎల్లిస్ గారు వ్రాసిన గ్రంథం భారత వృక్ష సర్వేక్షణ సంస్థ ద్వారా 1987, 1990లలో రెండు సంపుటాలుగా వచ్చింది.

ఈ గట్టుకు వచ్చి అడవి మనుషుల నడుమ కూర్చున్నవాడు ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్. 1940లో అమ్రాబాద్ పీఠభూమి చెంచుల మధ్య గడిపి, 1943లో వారిని గురించి పుస్తకం వెలువరించాడు. ఆ పుస్తకంలో చెట్టు కేవలం కలప కాదు. తిండి, నీడ, కాలాన్ని చెప్పే గడియారం.

ఆ మాట నాకు సలేశ్వరంలో బోధపడింది. అడవి లోపలి లోయలో జలపాతం చెంత వెలసిన లింగమయ్యకు ఏటా చైత్ర పౌర్ణమి నాడు జాతర. ఆ కొద్ది రోజులే అటవీ శాఖవారు దారి విడుస్తారు. వాహనం దిగిన తరువాత రాళ్ళమీద, లోయ అంచున, చేతికర్ర ఊతంగా నడక. "వస్తున్నాం" అని లింగమయ్యకు కేకవేసి చెప్పుకుంటూ వేలమంది సాగుతున్నారు. నేను ప్రతి పది అడుగులకూ పువ్వు దగ్గర ఆగడం చూసి ఒక చెంచు కుర్రవాడు తోడు వచ్చాడు. తెల్లవారక ముందే రాలిన ఇప్పపువ్వును నేలమీద చూపించి, "ఎండెక్కితే దొరకది సారూ, జింకలు తింటయి" అన్నాడు.

కొంతదూరం పోయాక తెల్లని పువ్వుల చెట్టు కనబడింది. కొమ్మ గిల్లితే పాలు కారాయి. పండితుణ్ణి గదా, "ఇది కుటజము, కొడిసె, అతిసారానికి మందు" అన్నాను. మేఘుడికి యక్షుడు అర్పించిన పువ్వు కూడ ఇదేనని చెప్పబోయాను. కుర్రవాడు తల అడ్డంగా ఊపాడు.

"ఇది మందు చెట్టు గాదు సారూ, పాలకొడిసె. దీని కాయలు చూడు, జంటగ కొనలు కలుసుకొని ఉన్నయి. మందు చెట్టువి విడివిడిగ ఉంటయి."

తరువాత విచారిస్తే, అతడు చెప్పినది అక్షరాలా నిజం. రెండూ పాలు కారే చెట్లే, రెండింటికీ తెల్లని పువ్వులే. కుటజపు బెరడులో పాలకొడిసె బెరడు కలిసిపోవడం మందుల అంగళ్ళలో పాత తగవేనట. ఆనాడు ఆ అడవిలో నాకు అతిసారం తగిలి ఉంటే, నా అమరకోశం నాకు తప్పు బెరడు తినిపించి ఉండేది. పేరంటే అలంకారం కాదు, ఒక్కొక్కప్పుడు ప్రాణం కూడ.

ఇప్పుడు ఆ ప్రాంతం అమ్రాబాద్ పులుల అభయారణ్యం. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసినప్పుడు అందరమూ సంతోషించాము. కాని అడవి నిలిచినా, దానికి పేరు పెట్టి పిలిచేవారు నిలవాలి గదా! లోపలి పెంటలను అడవి వెలుపలికి తరలించే ప్రయత్నాలున్నాయి. పులికి చోటు కావాలి, పిల్లలకు బడి, వైద్యం కావాలి. ఆ మంచిచెడ్డలు తేల్చడం నా శక్తికి మించినది. తెలుగు చెప్పుకొని బ్రతికినవాణ్ణి కనుక నాకు తెలిసిన నష్టం మాత్రం చెప్పగలను. ఆ కుర్రవాడి కొడుకు రోడ్డు పక్క కాలనీలో పెరిగితే, పాలకొడిసె కాయల కొనలు కలిసి ఉంటాయని వాడికి ఎవరు చూపుతారు? వాడికీ బడిలో ఒక పంతులు "వృక్షవిశేషము" అనే చెప్తాడు.

ఒక్క ఊరట ఉన్నది. కొండగోగు బంక మీద పరిశోధనలు చేసిన శాస్త్రజ్ఞులు లోకమంతటా దానిని "గమ్ కొండగోగు" అనే వ్యవహరిస్తున్నారు. కర్ణికారమనలేదు. గెలిచినది అవ్వ మాటే.

నా దగ్గర ఇప్పుడు రెండువందల పైచిలుకు ఛాయాచిత్రాలున్నాయి. మొదట్లో వాటి కింద సంస్కృత నామం, లాటిన్ నామం వ్రాసి మురిసిపోయేవాణ్ణి. సలేశ్వరం నుండి వచ్చాక పద్ధతి మార్చాను. ముందు ఆ కొండమీది మనిషి పలికిన పేరు, పలికినట్లే. దాని పక్కన ఆ పువ్వును ఏమి చేసుకుంటారో ఒక వాక్యం. సంస్కృతం, లాటిన్ ఆ తరువాత. నలభై మూడు చిత్రాల కింద ఇంకా ఖాళీయే ఉన్నది. వాటిలో "వృక్షవిశేషము" అని మాత్రం వ్రాయను.

మిత్రులారా, మీ ఊరి గుట్టమీద ఈ మాసంలో ఏది పూస్తుందో, మీ అమ్మమ్మ దానిని ఏమని పిలిచేదో ఈ టపా కింద ఒక మాట వ్రాయండి. ఆనాటి ఎనిమిదవ తరగతి పిల్లవాడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఎప్పుడైనా ఇది చదివితే వాడికి జవాబు: ఉంటది నాయనా, మన దగ్గరే ఉంటది. ఆనాడు నేనే చూడలేదు.